కేసముద్రం వాన అనూహ్యం కాదు

2024 ఆగస్టు 31 రాత్రి మొదలై సెప్టెంబరు 1 తెల్లవారే దాకా కురిసిన వాన కాజీపేట–విజయవాడ రైలు మార్గాన్ని కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య తెంపేసింది. కట్ట మట్టి, దాని మీది కంకర వరదలో కొట్టుకుపోయాయి. స్లీపర్లు బిగించిన పట్టాలు కింద ఏ ఆధారమూ లేకుండా నీళ్ల మీద వేలాడాయి. ఉత్తరాదిని, దక్షిణాదిని కలిపే ప్రధాన మార్గం కావడంతో వందల రైళ్లు రద్దయ్యాయి లేదా దారి మళ్లాయి. రైళ్లను సకాలంలో ఆపేశారు కాబట్టి ప్రమాదం తప్పింది. మళ్లీ రైలు కదలడానికి నాలుగో తేదీ దాకా పట్టింది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోదైన కేసముద్రం 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. దాని పక్కనే ఉన్న ఇనుగుర్తి ప్రాంతంలో ఆ ఒక్క రోజు వాన 40 సెంటీమీటర్లు దాటింది. ఆకేరు, మున్నేరు ఒడ్డులు దాటి ప్రవహించాయి. దిగువన ఖమ్మంలో కాలనీలకు కాలనీలే మునిగాయి.

నీళ్లు తీసేలోపే ఒక తీర్పు స్థిరపడిపోయింది. ఇది ఎవరూ ఊహించని వాన, క్లౌడ్‌బరస్ట్, ఇలాంటిది ముందుగా చెప్పడం ఏ శాస్త్రం వల్లా కాదు అన్నదే ఆ తీర్పు. టీవీ చర్చల్లో, పత్రికల్లో, పరిహారం గురించి మాట్లాడిన నాయకుల ప్రసంగాల్లో ఇదే వినిపించింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసని తరతరాలుగా అనుకునే సమాజంలో అది తేలిగ్గా నాటుకుంది. కొంచెం చదువుకున్నవాళ్లు దానికి సీతాకోకచిలుక సిద్ధాంతాన్ని కూడా జోడించారు. వాతావరణం గందరగోళ వ్యవస్థ అనీ, ఎక్కడో రెక్క ఆడితే ఇంకెక్కడో తుఫాను పుడుతుందనీ, అలాంటప్పుడు అంచనాకు అర్థమేముందనీ వారి వాదం. ఈ తీర్పులో ఏ భాగమూ నిలవదు. ఆ వానలో ముందే తెలిసినది చాలా ఉంది. తెలియనిది ఎంతో కూడా ముందే తెలుసు. ఈ రెండింటినీ కలిపేసి మొత్తాన్ని అనూహ్యం అనడం వల్ల జరగాల్సిన పనులు జరగకుండా పోతున్నాయి.

ముందుగా తెలిసినదేమిటో చూడాలి. ఆగస్టు ఆఖరి వారంలో పశ్చిమమధ్య బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం 31న వాయుగుండంగా బలపడింది. ఆ అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అలాంటి వ్యవస్థ వందల కిలోమీటర్ల వ్యాసంతో, రోజుల తరబడి బతికే ఆకారం. ఉపగ్రహ చిత్రాల్లో అది కనబడుతుంది, ఓడలూ బోయాలూ దాన్ని కొలుస్తాయి, మోడళ్లు దాని దారిని రెండు మూడు రోజుల ముందే గీయగలవు. తీరం దాటకముందే భారత వాతావరణ శాఖ హెచ్చరికల్లో కోస్తాంధ్రకు, తెలంగాణకు అత్యంత భారీ వర్షాల ప్రస్తావన ఉంది. శాఖ పరిభాషలో అత్యంత భారీ అంటే 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లకు మించిన వాన. దానికి పై హద్దు లేదు. అంటే 40 సెంటీమీటర్ల వాన ఆ హెచ్చరిక పరిధిలోనిదే.

తీరం దాటింది శ్రీకాకుళంలో, మునిగింది ఖమ్మం, మహబూబాబాద్. దీన్ని చాలామంది అంచనా తప్పిందనడానికి సాక్ష్యంగా చూపారు. కళింగపట్నానికీ కేసముద్రానికీ మధ్య సుమారు 450 కిలోమీటర్ల దూరం ఉంది కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ వాయుగుండాల్లో అత్యధిక వాన కేంద్రంలో పడదు. పడమటి దిక్కుకు కదిలే రుతుపవన వాయుగుండానికి నైరుతి భాగంలో, కేంద్రానికి వందల కిలోమీటర్ల అవతల పడుతుంది. కింది పొరల్లో పడమటి గాలులు, పై పొరల్లో తూర్పు గాలులు వీచే ఈ కాలంలో గాలి బలంగా పైకి లేచే చోటు కేంద్రానికి ఆ పక్కనే ఏర్పడుతుంది. దశాబ్దాలుగా భారతీయ వాతావరణ శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతి ఇది. కేసముద్రం ఆ రాత్రి వాయుగుండానికి పడమర, నైరుతి దిక్కుల మధ్య ఉంది. కేంద్రం ఎక్కడ తీరం దాటుతుందన్న ఒక్క సంగతినే పెద్దక్షరాల్లో వేసి, వాన ఏ పక్క పడుతుందో చెప్పకుండా వదిలేసిన వార్తలదే ఇక్కడి లోపం. ఆ లోపాన్ని శాస్త్రం మీదికి నెట్టడం న్యాయం కాదు.

క్లౌడ్‌బరస్ట్ అన్న మాట సంగతి ఇంకా ఘోరం. వాతావరణ శాఖ లెక్కలో ఆ పేరుకు కచ్చితమైన అర్థం ఉంది: సుమారు 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల చోట గంటకు 100 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి కురిసే వాన. రోజంతా కలిపి కొలిచిన అంకెను చూపి ఆ పేరు పెట్టడం కుదరదు. గంట గంటకూ తీసిన కొలత కావాలి. పైగా ఆ రాత్రి వాన ఒక ఊరి మీద పడి ఆగలేదు. ఎన్‌టీఆర్ జిల్లా నుంచి ఖమ్మం, సూర్యాపేట, మహబూబాబాద్ దాకా పరుచుకుంది. అదే రోజు విజయవాడను బుడమేరు ముంచింది. అంత విశాలమైన వానకు 30 చదరపు కిలోమీటర్ల నిర్వచనాన్ని తొడగడం కొలతల పట్ల నిర్లక్ష్యం. ఈ మాట ఇంతకుముందు ఇంకా పెద్ద చోట వాడారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు క్లౌడ్‌బరస్ట్‌ల గురించీ, వాటి వెనుక విదేశీ కుట్ర ఉందన్న అనుమానం గురించీ బహిరంగంగా మాట్లాడారు. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల్లో రోజుల తరబడి కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి గుండా దిగితే తప్ప భద్రాచలంలో నది ఆ ఎత్తుకు రాదు. ఆ నీళ్లు ఎగువ నుంచి కిందికి రావడానికి పట్టే సమయమే ఒక హెచ్చరిక.

ఇలాంటిది ముందెన్నడూ లేదన్న మాట కూడా రికార్డుల ముందు ఆగదు. 2013 జులై 19న నాటి ఖమ్మం జిల్లా వాజేడులో ఒక్క రోజులో 517.5 మిల్లీమీటర్లు కురిసింది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. తెలంగాణ చరిత్రలో అదే అత్యధికం. అదే వానలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి పూర్తిగా మునిగి, జనం ఇళ్ల పైకప్పుల మీద నిలబడి సాయం కోసం ఎదురుచూశారు. పన్నెండేళ్లలోపు పాత వరంగల్, ఖమ్మం జిల్లాల్లో మూడుసార్లు 40 సెంటీమీటర్ల పైబడిన వాన పడింది. వంతెన కట్టేటప్పుడు, చెరువు అలుగు వెడల్పు నిర్ణయించేటప్పుడు, రైలు కట్ట కింద తూములు పెట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన వాన ఇదే. దీన్ని అసాధారణం అంటూ పక్కన పెట్టేస్తే తర్వాతి కట్ట కూడా పాత లెక్కతోనే లేస్తుంది.

ఇప్పుడు సీతాకోకచిలుక దగ్గరికి రావాలి. చదువుకున్నవాళ్ల వాదానికి అసలు ఆయువుపట్టు అదే. 1961లో అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌లో పాత లెక్కను మధ్య నుంచి మళ్లీ నడిపించాడు. 0.506127 అనే సంఖ్యకు బదులు కాగితం మీద అచ్చయిన 0.506 టైపు చేశాడు. కొంతదూరం రెండు లెక్కలూ కలిసి నడిచి, తర్వాత పోలికే లేకుండా విడిపోయాయి. 1963లో అచ్చయిన ఆయన పత్రం దాని పర్యవసానమే. బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అన్న ప్రసిద్ధమైన ప్రశ్న 1972 నాటి ఆయన ప్రసంగం శీర్షిక. అది ప్రశ్నే తప్ప ప్రకటన కాదు. రెక్క ఆడటం సుడిగాలిని పుట్టించగలిగితే దాన్ని ఆపనూ గలదని ఆయన అదే ప్రసంగంలో చెప్పాడు. జనంలోకి వెళ్లింది మాత్రం శీర్షిక ఒక్కటే.

ఈ చర్చకు నిజంగా పనికొచ్చేది ఆయన 1969 పత్రం. దాన్ని ఉటంకించేవాళ్లు తక్కువ. వాతావరణంలో అనేక పరిమాణాల కదలికలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఒక్కో పరిమాణానికి ఒక్కో అంచనా గడువు ఉంటుందని ఆ పత్రం చూపింది. ఒక ఉరుముల మేఘం గడువు గంట ప్రాంతం. వాయుగుండం లాంటి వ్యవస్థకు కొన్ని రోజులు. ఖండాలంత విస్తృతమైన గాలి ప్రవాహాలకు రెండు వారాల చుట్టుపక్కల. చిన్న పరిమాణంలో పుట్టిన పొరపాటు క్రమంగా పెద్దవాటిలోకి పాకుతుంది. అన్నీ ఒక్కసారే కూలిపోవు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే కేసముద్రం వాన గురించి రెండు ముక్కలు ఒకేసారి నిజమని అర్థమవుతుంది: వాయుగుండం రాక మూడు రోజుల ముందు చెప్పదగినదే, ఇనుగుర్తి మీద ఏ గంటకు ఎన్ని సెంటీమీటర్లన్నది ముందురోజు కూడా చెప్పదగినది కాదు. రెండోదాన్ని చూపి మొదటిదాన్ని కొట్టిపారేయడం లోరెంజ్ చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం.

సీతాకోకచిలుక కథను తర్వాతి పరిశోధన ఇంకా బలహీనం చేసింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేల్ డురాన్, మార్క్ గింగ్రిచ్ 2014లో అచ్చువేసిన పత్రంలో ఆచరణలో సీతాకోకచిలుకలకు అంత ప్రాముఖ్యం లేదని వాదించారు. వందల కిలోమీటర్ల పరిమాణంలోని గాలి, ఉష్ణోగ్రత కొలతల్లో కొద్దిపాటి పొరపాటు ఉన్నా చాలు. అది చాలా వేగంగా చిన్న పరిమాణాలకు దిగిపోయి, అక్కడ మొదటి నుంచీ పొరపాటు ఉంటే ఎంత నష్టమో అంతా చేస్తుంది. దీని అర్థం సూటిగా ఉంది. మన అంచనాలను చెడగొట్టేది కంటికి కనిపించని రెక్కల చప్పుడు కాదు. బంగాళాఖాతం మీద సరిపడా కొలతలు లేకపోవడం, ఎగువ గాలిని కొలిచే బెలూన్లు ఎక్కువ చోట్ల ఎగరకపోవడం, సముద్రం మీది తేమ సరిగ్గా తెలియకపోవడం. ఇవన్నీ మనుషులు బాగుచేయగలిగినవి. సీతాకోకచిలుక మీద నేరం మోపితే ఎవరూ చేయాల్సిన పని ఉండదు. కొలతల మీద మోపితే బడ్జెట్లో పద్దు ఉంటుంది, జవాబు చెప్పాల్సిన వాళ్లుంటారు.

అంచనాల మీద అపనమ్మకం ఉన్నవాళ్లు కొండల దగ్గర మాత్రం ధీమాగా మాట్లాడతారు. కొండ కదలదు, దాని ఎత్తు తెలుసు, కాబట్టి కొండ చేసే పని అంతా ముందే తెలుస్తుందని అనుకుంటారు. బడి పుస్తకాల్లో పశ్చిమ కనుమలు మేఘాలను అడ్డుకుంటే గాలివైపు వాన, ఆవలి వైపు వర్షచ్ఛాయ అని చదివిన జ్ఞాపకం దానికి పునాది. ఆ బొమ్మ మొదటి మెట్టు మాత్రమే. గాలి వచ్చి గోడకు తగిలి నిలిచిపోదు. కనుమలకు ఇంకా చాలా దూరంలో ఉండగానే దాని వేగం తగ్గి, ముందున్న గాలి మీద కుప్పపడి, సముద్రం మీదే పైకి లేస్తుంది. కొంకణ్, కర్ణాటక తీరాల్లో వాన ఒడ్డుకు ముందే, సముద్రం మీదే మొదలవడానికి ఇదొక కారణమని 1984లో రాబర్ట్ గ్రాస్‌మన్, డురాన్ వివరించారు. దానికి రెండు దశాబ్దాల ముందే ఆర్.పి. సర్కార్ పశ్చిమ కనుమల మీది గాలి ప్రవాహాన్ని సమీకరణాల్లో పెట్టి, ఆ వాన ఏ చోట ఎంత ఉండాలో లెక్కగట్టారు. కొండ గాలికి ఏం చేస్తుందన్నది భారతీయ శాస్త్రజ్ఞులు అరవై ఏళ్లకు పైగా తవ్వుతున్న ప్రశ్న.

కొండ దాటిన గాలి ఇంకో పని కూడా చేస్తుంది. కింద చల్లగా, బరువుగా, పైన తేలికగా పొరలు పేరుకున్న గాలిని కొండ పైకి తోస్తే, అది తన స్థాయికి మించి లేచి, బరువెక్కి దిగి, మళ్లీ లేస్తుంది. ఒక ఊగుకు పది నిమిషాల ప్రాంతం పడుతుంది. గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో వీస్తుంటే ఆ పది నిమిషాల్లో 12 కిలోమీటర్లు సాగుతుంది. కొండ ఆవలి పక్కన సుమారు 12 కిలోమీటర్లకొకటి చొప్పున అలలు వరుసగా నిలబడతాయి. గాలి దూసుకుపోతూనే ఉంటుంది, అల మాత్రం చోటు మారదు. దాని శిఖరాల మీద పప్పుగింజ ఆకారంలో మేఘాలు గంటల తరబడి ఒకే చోట కనబడటానికి ఇదే కారణం. వీటి బలం చిన్నది కాదు. 1966లో జపాన్‌లో ఫుజీ పర్వతం పక్కన ఇలాంటి గాలి దెబ్బకు ఒక ప్రయాణికుల విమానం గాల్లోనే ముక్కలై 124 మంది చనిపోయారు. 2018 సెప్టెంబరు 2న అర్జెంటీనాలో పెర్లాన్ అనే గ్లైడర్ ఇంజన్ లేకుండా, ఆండీస్ పర్వతాల అలలనే ఆసరా చేసుకుని 76,124 అడుగుల ఎత్తుకు ఎక్కింది.

తేమతో నిండిన వర్షాకాలపు గాలిలో ఈ అలలు అంత స్పష్టంగా నిలవవు. కేసముద్రం చుట్టూ పెద్ద పర్వతమూ లేదు. అయినా ఈ విషయం ఇక్కడి వానకు సంబంధించినదే. కొండల మీది అలలు పైకి పోతున్నకొద్దీ పలచబడిన గాలిలో పెద్దవై విరుగుతాయి. విరిగిన చోట గాలిని వెనక్కి లాగుతాయి. 1980ల తొలి భాగం దాకా ప్రపంచ మోడళ్లలో ఈ లాగుడు లెక్కలో లేదు. దాంతో శీతకాలంలో మధ్య అక్షాంశాల పడమటి గాలులు వాస్తవం కంటే బలంగా వచ్చేవి. 1986లో బ్రిటన్ వాతావరణ సంస్థకు చెందిన పామర్, షట్స్, స్విన్‌బ్యాంక్ ఈ లాగుడును సమీకరణాల్లో చేర్చి ఆ తప్పును చాలావరకు సరిదిద్దారు. ఇప్పుడు ఏ ప్రపంచ మోడల్ అయినా హిమాలయాల, టిబెట్ పీఠభూమి మీది అలలను ఏదో ఒక రూపంలో లెక్కిస్తుంది. బంగాళాఖాతం మీది వాయుగుండం దారిని గీసేది ఆ మోడళ్లే. కంప్యూటర్ వేగం ఒక్కటే అంచనాలను బాగుచేసిందనేవాళ్లు ఇది గమనించాలి. భౌతిక శాస్త్రంలో ఒక లోపాన్ని పట్టుకుని సరిచేస్తే అంచనా ఒక మెట్టు ఎక్కింది.

కొండ స్థిరం కాబట్టి కొండగాలి సులభం అన్న ధీమాకూ సమాధానం దొరికింది. అమెరికాలోని సియెరా నెవాడా పర్వతాల కింద 2006లో జరిగిన పెద్ద కొలతల కార్యక్రమంలోని సంఘటనలను ఆధారం చేసుకుని, 2009లో అలెక్స్ రైనెకే, డురాన్ రెండు గాలి సంఘటనలను ఒక్కొక్కటి 70 సార్లు లెక్కించారు. మొదటి స్థితుల్లో పెట్టిన తేడా కొలత పరికరాలు పట్టుకోలేనంత చిన్నది. మొదటి సంఘటనలో ఆరు గంటలు తిరిగేసరికి కొన్ని లెక్కల్లో కొండవాలు మీద భీకరమైన గాలి, కొన్నింటిలో ఓ మోస్తరు గాలి. కొండ అదే, ఎత్తు అదే. అలలు విరుగుతాయా లేదా అన్న అంచున పరిస్థితి ఊగుతున్నప్పుడు ఫలితం అలా విడిపోయింది. అంతే ముఖ్యమైన ఇంకో సంగతి: రెండో సంఘటన అంత సున్నితంగా లేదు. ఏ రోజు అంచనాను గట్టిగా నమ్మవచ్చో, ఏ రోజు నమ్మకూడదో ఆ 70 లెక్కల మధ్య చెదురే చెబుతుంది. అనిశ్చితిని కూడా కొలవవచ్చు, అది రోజు రోజుకూ మారుతుంది. అనూహ్యం అన్న మాటతో చర్చ ముగించేవాళ్లు పూర్తిగా వదిలేసే సంగతి ఇదే.

అంచనా తప్పిన ప్రతిసారీ వినిపించే ఇంకో కోరిక పెద్ద కంప్యూటర్ కొనమని. కొన్నారు కూడా. 2018లో ప్రత్యూష్, మిహిర్ వచ్చాయి, 2024 సెప్టెంబరులో అర్క, అరుణిక వచ్చాయి. 12 కిలోమీటర్ల గడులతో నడిచే అంచనా పద్ధతికి తోడు 2025 మేలో 6 కిలోమీటర్ల గడుల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలైంది. ఇది నిజమైన ప్రగతి, మెచ్చుకోవాల్సిందే. అయితే గడిని సగం చేస్తే లెక్క కనీసం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. పైగా నాలుగైదు గడుల కంటే చిన్న ఆకారాన్ని ఏ మోడలూ సరిగా గీయలేదు. 12 కిలోమీటర్ల గడి అంటే సుమారు 50 కిలోమీటర్ల కంటే చిన్నది మసకే. మహబూబాబాద్ జిల్లా మొత్తం కలిపినా మూడు వేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంటే ఆ రాత్రి మోడల్ కళ్లకు జిల్లా అంతా దాదాపు ఒకే మచ్చ. దానిలో కేసముద్రానికింత, నెల్లికుదురుకింత అని విడదీసి చెప్పమనడం దాని చేతకాని పని అడగడమే.

మండల స్థాయిలో, గంటల ముందు చెప్పడానికి కావాల్సింది వేరే పరికరం, రాడార్. ఇక్కడ ఉన్న లోటు గురించి ఎవరూ గొంతెత్తకపోవడమే ఆశ్చర్యం. కేసముద్రం హైదరాబాద్ రాడార్‌కు సుమారు 155 కిలోమీటర్లు, మచిలీపట్నం రాడార్‌కు 200 కిలోమీటర్ల పైన. రాడార్ కిరణం నేలకు అర డిగ్రీ వంపుతో బయలుదేరుతుంది, భూమి దాని కింద వంగిపోతుంది. 155 కిలోమీటర్ల దగ్గర కిరణం నేలకు రెండున్నర నుంచి మూడు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మచిలీపట్నం కిరణం నాలుగు కిలోమీటర్లు దాటిపోతుంది. రుతుపవనాల వానలో చాలా భాగం తయారయ్యేది ఆ ఎత్తు కిందనే. పాత వరంగల్ జిల్లాకు దగ్గరలో ఒక చిన్న రాడార్ పెడితే ఆ గుడ్డిచోటు పూడుతుంది. రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రణాళికా సంస్థ నడిపే వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. వాటి కొలతలు రాడార్ చిత్రంతో కలిస్తే వాగు పొంగడానికి రెండు మూడు గంటల ముందే సంగతి తెలుస్తుంది. అనూహ్యం అనేవాళ్ల నుంచి ఈ డిమాండ్ ఎప్పుడూ రాదు. వాళ్ల తర్కం ప్రకారం దాని అవసరమే లేదు కదా.

కచ్చితంగా చెప్పలేని అంచనా రైతుకు ఎందుకన్న ప్రశ్నకు కేసముద్రం మార్కెట్ యార్డే జవాబు. యాసంగి మక్కలు, వడ్లు ఏప్రిల్, మే నెలల్లో యార్డుకు వస్తాయి. తేమ తగ్గేదాకా కుప్పలు ఆరబోసి ఉంటాయి. సరిగ్గా అప్పుడే గాలివాన, రాళ్లవాన వచ్చే కాలం. ఒక కుప్ప మీద పరదా కప్పి, చుట్టూ కట్ట వేయించడానికి వెయ్యి రూపాయలు అవుతుందనీ, తడిస్తే ధర తెగి పదివేలు పోతుందనీ అనుకుందాం. వాన పడే అవకాశం పది శాతం దాటితే చాలు, కప్పడమే లాభం. వంద శాతం తెలిసేదాకా ఆగిన రైతు ఏటా నష్టపోతాడు. 30 శాతం అవకాశం అని చెప్పిన రోజు పరదా కప్పాక వాన రాకపోతే అంచనా తప్పినట్టు కాదు. 30 శాతం అన్న పది రోజుల్లో సుమారు మూడు రోజులు వాన పడిందా లేదా అన్నదే దానికి పరీక్ష. భారత వాతావరణ శాఖ 2018 జూన్ నుంచి ఒకే అంచనాను 21 రకాల మొదటి స్థితులతో నడిపిస్తోంది. అంటే శాతం చెప్పగల సరంజామా చేతిలో ఉంది. అయినా యార్డులోని రైతు ఫోనుకు చేరేది అక్కడక్కడా భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది అన్న వాక్యమే. ఈ వాక్యాన్ని తప్పుపట్టడం సమంజసమే. కానీ దానికి మందు అంకె చెప్పించుకోవడం, ఆ అంకెను ఎలా వాడాలో మార్కెట్ కమిటీలకు, రైతు వేదికలకు నేర్పడం.

వ్యతిరేకుల దగ్గర నిజమైన ఆయుధాలు కూడా ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం ఈ వాదానికి మేలు చేయదు. 2002లో శాఖ రుతుపవనాలు దాదాపు సగటున ఉంటాయంది, దేశం కరువులో పడింది. ఆ ఏడాది వాన సగటులో 81 శాతమే. 2009 ఏప్రిల్‌లో 96 శాతం అంది, పడింది 78. ఇవి తీవ్రమైన వైఫల్యాలు, రైతులు వాటి మూల్యం చెల్లించారు. అయితే అవి సీజన్ మొత్తానికి వేసిన అంచనాలు. వాటి ఆధారం వేరు. 1981లో జూల్ చార్నీ, జగదీశ్ శుక్లా చూపినట్టు, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత లాంటి నెమ్మదిగా మారే సంగతుల నుంచి సీజన్ వాన కొంతవరకు తెలుస్తుంది. ఎంతవరకు అన్నదానికి హద్దులున్నాయి. 1997లో బలమైన ఎల్‌నినో వచ్చినా భారతదేశంలో వాన సగటుగానే పడింది. సీజన్ అంచనా తప్పిందని చూపి మూడు రోజుల వాయుగుండం అంచనాను నమ్మకూడదనడం రెండు వేర్వేరు పనులను ఒకే తక్కెడలో వేయడం.

మూడు రోజుల అంచనా విలువ తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలను తీసుకుపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. దాని దారి రోజుల ముందే తెలియడంతో లక్షల మందిని ఖాళీ చేయించారు. నగరం అతలాకుతలమైంది, చనిపోయినవారి సంఖ్య మాత్రం పదుల్లో ఆగింది. ఒక్కో ఇల్లు ఏ గాలికి కూలుతుందో హుద్‌హుద్ ముందురోజు కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. తీరమంతా ఖాళీ చేయించడానికి తీరం మొత్తానికి వర్తించే అంచనా చాలు.

కేసముద్రం–ఇంటికన్నె కట్టకు కూడా సరిగ్గా అదే కొలత వర్తిస్తుంది. ఏ కిలోమీటరు రాయి దగ్గర కంకర జారుతుందో ఆగస్టు 30న తెలిసే అవకాశం లేదు. జిల్లా మీద అత్యంత భారీ వర్షం హెచ్చరిక ఉన్నప్పుడు రాత్రిపూట పట్టాల మీద గస్తీ పెంచడానికి, రైళ్ల వేగం తగ్గించడానికి, ఎగువ చెరువుల కట్టలమీద మనుషులను పెట్టడానికి, ఆకేరు మీది లోలెవల్ వంతెనలకు చీకటి పడకముందే అడ్డుకట్టలు పెట్టడానికి కిలోమీటరు రాయి తెలియనక్కర్లేదు. జిల్లా పేరు, గడువు, ఆ వానకున్న అవకాశం తెలిస్తే సరిపోతుంది. ఆగస్టు 31న మొదటి రెండూ తెలుసు. మూడోది లెక్కలో ఉండి కూడా బయటికి రాలేదు.